నాలుగో అంతస్తు అత్త, తెల్ల కాకతువ

మొన్న యాంగన్‌లో, సంచౌంగ్ పేటలో నేను పనిచేసే మందుల షాపులో కరెంటు పోయింది. పోవడం కొత్తేమీ కాదు. లోపలి గదిలోంచి టార్చి తేవడానికి లేస్తూ, కౌంటరు ముందు నిలబడ్డ బర్మీస్ ముసలావిడతో "లైన్లో ఉండు, వస్తన్నాను" అనేశాను, తెలుగులో. ఆవిడ అర్థంకాక నా ముఖం చూసింది. నేను లోపలికి వెళ్ళి టార్చి చేత్తో పట్టుకుని, అది వెలిగించకుండానే కాసేపు నిలబడిపోయాను. ఆ మాట నాది కాదు, అత్తది. ఆమె పోయి రెండు చలికాలాలు దాటాయి.

అత్త అంటే చుట్టం కాదు. తామ్వే పేటలో మేముండే పాత బిల్డింగులో, నాలుగో అంతస్తులో మావి ఎదురెదురు తలుపులు. వాళ్ళది చర్చి, మాది గుడి. వాళ్ళ తాతా మా తాతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులోనే దిగారని రెండిళ్ళలోనూ చెప్పుకునేవారు. ఒకే ఓడలోనా కాదా అన్నది ఎవరికీ తెలీదు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె అత్త. వీధిలో బర్మీస్ వాళ్ళకి ఆంటీ. పేరు పెట్టి పిలిచేవాళ్ళు చర్చిలో కూడా ఒకరిద్దరే మిగిలారు.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసింది. నేను పెద్దయ్యేసరికి ఆ ఉద్యోగం అయిపోయింది, అలవాట్లు మాత్రం పోలేదు. వంటింట్లోకి వెళ్ళాలంటే "లైన్లో ఉండు" అనేది. మాటలు చాలించాలంటే "ఇంక కట్ చేత్తన్నాను" అని చేతులు ఒళ్ళో పెట్టుకునేది. ఎవరు మాట్లాడినా ఎడమ చెవి అటు తిప్పేది. కుడిది డ్యూటీ చెవి అట, అది అరిగిపోయిందట.

చివరి ఐదారేళ్ళు ఆమెకి చూపు లేదు. నీటికాసులు. రోజూ పొద్దున్నా సాయంత్రం చుక్కల మందు నేనే వేసేదాన్ని, ఉన్న కాస్తా నిలుస్తుందని. అదీ నిలవలేదు. ఎవరైనా అయ్యో అంటే ఆమెకి నచ్చేది కాదు. "బల్బు పోయిందే. లైను బాగానే ఉన్నాది" అనేది.

నిజంగానే బాగుండేది. యాంగన్‌లో పాత బిల్డింగులన్నిటికీ ఉన్నట్టే ఆమె బాల్కనీ నుంచి కూడా కింద వీధిదాకా ఒక నైలాను తాడు వేలాడేది, చివర క్లిప్పు, పైన చిన్న గంట. కిందనుంచి ఎవరు తాడు లాగినా ఆ లాగడంలోనే మనిషిని పోల్చేది. మోహింగా నూడుల్స్ అమ్మే ఆవిడ రెండుసార్లు పొట్టిగా లాగుతుంది. చర్చి పాస్టరుగారు ఒకసారి లాగి, తప్పుచేసినట్టు వదిలేస్తారు. నేను మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులో ఉండగానే తలుపు తీసేది. "ఈయేళ చెప్పు మార్సినావేటే?" అని అడిగేది.

ఆ రోజుల్లో విన్న ఫోను మాటలేవైనా చెప్పమని పిల్లలం వేధించేవాళ్ళం. ఒక్కటీ చెప్పేది కాదు. "ఇన్నది నాది కాదు" అనేది. ఒక్కసారి మాత్రం, నా పెళ్ళి చెడిపోయి నేను తిరిగి వచ్చేసిన రోజుల్లో, ఎందుకో తనంతట తనే చెప్పింది. ఒక మధ్యాహ్నం ట్రంకు కాల్ కలిపింది. అటూ ఇటూ మనుషులున్నారు, ఊపిరి వినిపిస్తోంది, ఇద్దరూ నోరు విప్పలేదు. కాల్‌కి ఇచ్చే మూడు నిమిషాలూ అయిపోయాయి. "కట్ చెయ్యలేదే నేను. ఇంకో నిమిషం ఇచ్చినాను. అప్పుడూ మాటాడలేదు. ఆళ్ళకి అదే కావాలేమో." అంతే. వాళ్ళెవరో, ఏ ఊరో చెప్పలేదు.

మా బాల్కనీల ముందు ఒక పెద్ద చెట్టుంది. ఇక్కడివాళ్ళు కొక్కో అంటారు. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుని పడుకుంటాయి గనక అత్త నిద్రగన్నేరు అనేది. వీధిలో నిలబడితే మాను తప్ప ఏమీ తెలీదు. నాలుగో అంతస్తు ఎత్తుకి వస్తే కొమ్మలు గొడుగులా విచ్చుకుని, చెట్టు మీద సాగే సంసారమంతా కళ్ళ ముందే ఉంటుంది. చలికాలం చివర కాయలు నల్లబడి, లోపలి గుజ్జు బంకగా తియ్యగా అయ్యేసరికి చిలకలు దిగేవి. పొంజీలు, అంటే బౌద్ధ సన్యాసులు, భిక్షకి వరసగా నడిచే వేళ, మంచు ఇంకా వీధి మీద పొగలా కదులుతుండగా వచ్చేవి. గులాబీ రంగు రొమ్ము, ముక్కు కింద నల్లటి చార. మీసాల చిలకలు అనేది అత్త, చూపున్న రోజుల్లో చూసుకున్నదాన్ని గుర్తుపెట్టుకుని.

ఆ గంటసేపు నేను ఆమెకి కళ్ళు. స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఆమె వెల్లుల్లి బుట్ట ఒళ్ళో పెట్టుకుని, చేతులు వాటి పని అవి చేసుకుంటుండగా "సెప్పు" అనేది.

"ఒక చిలక కాయ తింటోంది" అన్నాను మొదటిరోజు.

"తింటం అంటే ఎలాగే? కొరుకుతందా, ఒలుత్తందా, సీకుతందా?"

నాకు ఆ మాటలకి తేడా తెలీదు. మా ఇంట్లో తెలుగు అన్నం, నీళ్ళు, రా, పో దగ్గర ఆగిపోయింది. మిగతాదంతా బర్మీసే. అక్షరాలు మాత్రం నాన్న పట్టుబట్టి నేర్పాడు. బర్మీస్‌లో చెప్పబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ లైను మనకి రోజంతా ఉన్నాదే. ఇది పొద్దున్న గంటే."

వెల్లుల్లి రెబ్బ ఒకటి నా చేతిలో పెట్టి ఒలవమంది. అది ఒలవడం. పంటి కింద పెట్టమంది. అది కొరకడం. చింతపండు పిక్క నోట్లో వేసుకోమంది. అది చీకడం. అలా ఒక్కొక్క మాటే చేతికీ నోటికీ అంటించింది. నెల తిరిగేసరికి నేను చెప్పగలిగాను. చిలక ఎడమ కాలితో కాయ పట్టుకుంది, ముక్కుతో తొక్క చీల్చింది, గుజ్జు గీరుకుంటోంది, గింజ కొరికి ఉమ్మేసింది, సగం కాయ పారేసింది. ఆమె కళ్ళు మూసుకుని తల ఊపేది. కాయ కింద సైకా రిక్షాల స్టాండు రేకు కప్పు మీద పడేది. టప్పుమంటే పచ్చిది, గలగలమంటే ఎండుది. అన్నీ ఒకేసారి అరిస్తే "లైన్లన్నీ బిజీ" అని నవ్వేది. నేను ఇప్పుడు రాస్తున్న తెలుగులో సగం ఆ చెట్టు మీద చిలకలు తింటుంటే నేర్చుకున్నది.

ఒక పొద్దున్న నేను ఇంకా మంచం మీదుండగానే అత్త మా తలుపు తట్టింది.

"సెట్టు మీద ఎవురో ఆడమనిషి కూకున్నాది" అంది.

చూపుతో పాటు మతి కూడా పోతోందా అనుకున్నాను. "నాలుగంతస్తుల ఎత్తున మనిషెలా కూచుంటుందత్తా?"

"నాకేటి తెలుసు. అన్నం తిన్నావా అని అడుగుతన్నాది."

చెయ్యి పట్టుకుని ఆమెని బాల్కనీలోకి తీసుకెళ్ళాను. మంచులో చెట్టు సగం ఉంది, సగం లేదు. చిలకలు కూడా ఇంకా రాలేదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆకుల లోపలినుంచి, నిజంగానే, ఒక ఆడగొంతు బర్మీస్‌లో అడిగింది.

"తమీన్ సా పీ బీ లా?"

అన్నం తిన్నావా. ఇక్కడ మనిషి కనబడితే అడిగే మాటే. కానీ ఆ గొంతు వీధిలో పలకరించే గొంతు కాదు. నెమ్మదిగా, కాస్త బొంగురుగా ఉంది. చివరి 'లా' దగ్గర కుండ మూత ఎత్తి చూస్తున్నట్టు కొద్దిగా పైకి లేచింది. అప్పుడు కొమ్మ కదిలి, ఒక పెద్ద తెల్లపిట్ట బయటికి నడిచొచ్చింది. నల్లటి ముక్కు. తల మీద పసుపుపచ్చ ఈకలు విసనకర్రలా విప్పి, మూసింది.

ఎలా ఉందో చెప్పాను. దాని పేరు నాకు తెలుగులో తెలీదన్నాను. అత్త కొంచెంసేపు వెతుక్కుని, "కాకతువ" అంది. ఆ మాట అని యాభై ఏళ్ళయి ఉంటుంది.

ఎవరో దేశం వదిలిపోతూ వదిలేసిన పెంపుడు పిట్ట అనుకున్నాను. మా బిల్డింగులోనే మూడిళ్ళకి తాళాలు పడ్డాయి ఆ ఏడు. కాకతువ చిలకల్లో కలిసిపోయింది. మొదట అవి దాన్ని కసిరాయి, తర్వాత ఊరుకున్నాయి. చిలకలు పది కాయలు పాడుచేసే లోపు అది ఒక్క కాయ శుభ్రంగా తినేది. పక్కనున్న బాదం చెట్టు మీదికి పోయి పెంకు పగలగొడితే ఆ చప్పుడు అత్తకి చాలా ఇష్టం. తిన్నాక ముక్కు కొమ్మకి తుడుచుకుని, అడిగేది. అన్నం తిన్నావా.

రెండు వారాలకి సయా వచ్చాడు. సయా అంటే మాస్టారు. స్కూల్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. టీ దుకాణాల్లో ఫోనులో కాకతువ ఫొటో చూపిస్తూ వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన మూడో అంతస్తులో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడే అత్త అంది, "కొత్త మనిషి. ఎడం కాలు బరువు. సేతిలో ఏదో ఇనప సామాను." ఆ ఇనప సామాను పంజరం.

పంజరం శుభ్రం చేస్తుంటే పిట్ట ఎగిరిపోయిందని చెప్పాడు. భార్య పెంచుకున్నది. ఆమె పోయి నాలుగు నెలలు. మాట్లాడుతూ ఆయన చెట్టు వైపు చూడలేదు. అంతలో చెట్టు మీదినుంచి ఆ గొంతు అడిగింది. ఆయన బాల్కనీ చువ్వ గట్టిగా పట్టుకున్నాడు. ఆ గొంతు ఎవరిదో మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పొద్దుతిరుగుడు గింజలు చేతిలో పెట్టుకుని పిలిచాడు. కాకతువ తల పక్కకి వాల్చి చూసింది. రాలేదు. మర్నాడూ రాలేదు. అత్త ఆయనతో బర్మీస్‌లో అంది: "సయా, రోజూ పొద్దున్నే ఇక్కడికి రండి. పట్టుకోవడం సంగతి తర్వాత. వినిపోండి."

ఆయన రోజూ వచ్చాడు. వారం తర్వాత పంజరం తేవడం మానేశాడు. ముగ్గురం వరసగా కూర్చునేవాళ్ళం. ఆయనకి ఉత్త టీ, ఆమెకి వెల్లుల్లి, నాకు చెప్పే పని. ఆయన కోసం బర్మీస్‌లో, ఆమె కోసం తెలుగులో. ఆయన ఆమెని 'అమా' అనేవాడు, అక్కా అన్నట్టు. ఆమెకి పరాయివాళ్ళ ముందు ఎప్పుడూ లేని ఉత్సాహం వచ్చింది. ఆయన వచ్చే వేళకి చీర మార్చుకుని, కుర్చీ తుడిపించి, ఎవరో దూరపు ఊరినుంచి బుక్ చేసుకున్న కాల్ తను కలపాల్సి ఉన్నట్టు ఎదురుచూసేది. పిట్ట అడగ్గానే ఆయన తల ఊపేవాడు. ఆమె ఆయన ఊపిరి వినేది.

ఏప్రిల్‌లో వచ్చే నీళ్ళ పండగ దగ్గరపడుతుండగా పిట్ట మాట చెడడం మొదలైంది. ముందు చివరి 'లా' పోయింది. తర్వాత 'తమీన్' ఒక్కటే మిగిలింది, అదీ చిలక అరుపులో కలిసిపోయి. పండగ వెళ్ళేసరికి కాకతువ పూర్తిగా చిలకల్లాగే అరవసాగింది. నాకంటే ముందు అత్తకి తెలిసింది. ఆయన మాత్రం రోజూ వస్తూనే ఉన్నాడు, ఎప్పటిలాగే తల ఊపుతూనే ఉన్నాడు. ఆయనకి చెవులు సరిగా పనిచెయ్యవని, చిలకల గోలలో ఆ మాట వినబడ్డట్టు ఊహించుకుంటున్నాడని నేను అనుకున్నాను.

ఒకరోజు ఆయన వెళ్ళాక అత్తతో అన్నాను. "ఎవరి గొంతైనా ఒకసారి వింటే నువ్వు అచ్చంగా అలాగే అనగలవు కదా. లోపలి గదిలోంచి ఒక్కసారి అనేస్తే ఆయన సంతోషిస్తాడు."

అత్త చేతిలో వెల్లుల్లి ఆగింది. "తెలిసి తెలిసి రాంగ్ నంబరు కలపమంతన్నావేటే?"

ఒలిచిన రెబ్బలన్నీ గిన్నెలోకి వంచింది. తర్వాత, "రేపు సెప్తాను ఆయనకి" అంది.

మర్నాడు పొద్దున్న కరెంటు లేదు. ఎక్కడా పంపులు కూడా ఆడటం లేదు. వానలకి ముందు వచ్చే ఉక్క, ఆకు కదలడం లేదు, వీధి వీధంతా ఇంకా కలలో ఉన్నట్టుంది. చెట్టు మీద కాకతువ కళ్ళు సగం మూసి గుజ్జు గీరుకుంటోంది. సయా వచ్చి కూర్చున్నాడు. టీ పోశాను. అరుపులు వినబడగానే తల ఊపాడు.

"సయా," అంది అత్త, "అది ఆ మాట అనడం మానేసి పదిరోజులైంది."

ఆయన కప్పు కింద పెట్టాడు. "తెలుసు, అమా. నా చెవులు బాగానే ఉన్నాయి."

"మరి రోజూ తల ఊపుతున్నారట?"

"మీరు అంత ఆశగా కూర్చుంటున్నారు. మీరు నొచ్చుకుంటారని."

అత్త నవ్వబోయి ఆగింది. ఆయన ఇంకా ఏదో అనబోతున్నాడని ఊపిరిలోనే తెలిసినట్టుంది. ఎడమ చెవి అటు తిప్పింది. తొందరపెట్టలేదు. చాలాసేపటికి ఆయన అన్నాడు.

"అది ఎగిరిపోలేదు. నేనే తలుపు తీశాను."

ఆయన నెమ్మదిగా చెప్పాడు. భార్యకి ఊపిరితిత్తుల జబ్బు. ఆఖరి రెండు నెలలు ఒకటే దగ్గు. పంజరం ఆ మంచం పక్కనే ఉండేది. ఆమె పోయాక పిట్ట పొద్దున్న అన్నం తిన్నావా అని అడిగేది. దీపాలు పెట్టే వేళకి దగ్గేది. రెండు చిన్న దగ్గులు, ఒక పెద్దది, అచ్చం ఆమెలాగే.

"రోజూ లేచేవాణ్ణి. నీళ్ళ గ్లాసు పట్టుకుని రెండడుగులు వేశాక గుర్తొచ్చేది. రోజూ రెండడుగులు. ఒక సాయంత్రం ఇంక చాలనిపించి తలుపు తీసేశాను. పొద్దున్న లేస్తే, తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు. అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలీదు, అమా. దొరికితే ఇంటికి తీసుకెళ్ళే ధైర్యమూ లేదు."

"దగ్గు నేనూ విన్నాను" అంది అత్త.

నేను ఉలిక్కిపడ్డాను. సాయంత్రాలు ఆ దగ్గు నా చెవినా పడింది, కింద ఎవరో సైకా నడిపే మనిషనుకున్నాను.

"మొదటి వారమంతా, చీకటి పడే ముందు" అంది అత్త. "మనిషి దగ్గని తెలిసింది. జబ్బు మనిషిదని తెలిసింది. విన్నది నాది కాదు గనక ఎవరికీ చెప్పలేదు. మీకు కూడా."

ఆయన ముందుకి వంగాడు. "ఇంకా దగ్గుతోందా?"

"లేదు. అదే ముందు మానేసింది."

"ముందు దగ్గా?"

"ముందు దగ్గు. తిన్నావా అన్న మాట ఆ తర్వాత రెండు నెలలు ఉంది. మీరు వినడానికి వచ్చేసరికే దగ్గు లేదు, సయా."

ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. నేను చెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. చిలకలు ఒక్కొక్కటీ లేచిపోతున్నాయి. ఆ గుంపుతోపాటే కాకతువా లేచింది. రెక్కల కింద పసుపు ఒక్క క్షణం కనబడి, రైలు పట్టాల వైపు పోయింది. రెక్కల చప్పుడు పోయేదాకా అత్త ముఖం అటే తిప్పుకుని ఉంది.

"ఇప్పుడు నా భయం ఒక్కటే" అన్నాడు సయా. "ఆమె ఆ మాట ఎలా అనేదో మరిచిపోతున్నాను. రాత్రి పడుకునే ముందు నాలో నేను అనుకుంటాను. నా గొంతే వినిపిస్తుంది."

"ఏదీ, అనండి" అంది అత్త.

ఆయన సిగ్గుపడ్డాడు. నా వైపు చూశాడు. నేను ఖాళీ కప్పులోకి చూశాను. ఆయన గొంతు సవరించుకుని అన్నాడు. "తమీన్ సా పీ బీ లా?"

అత్త తల అడ్డంగా ఊపింది. ఆయన భార్యని అత్త ఎరగదు. ఆమె పేరేమిటో కూడా ఆయన అప్పటిదాకా చెప్పలేదు. "అంత తొందర లేదు ఆమెకి" అంది. "తమీన్ దగ్గర కొంచెం ఆగేది, చెయ్యి తుడుచుకుంటున్నట్టు. మళ్ళీ."

ఆయన ఆగి అన్నాడు.

"ఇప్పుడు చివర్న పైకి. మీరు కిందికి దింపేస్తున్నారు. పైకెత్తి వదిలెయ్యాలి."

మూడోసారి అన్నాడు. అత్త వేలు కొద్దిగా పైకెత్తి, ఇంకా, అన్నట్టు చూపించింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాలుగోసారి అన్నప్పుడు ఆ ముసలి మగగొంతులో, మంచులో ఆ మొదటి పొద్దున్న నేను విన్నది విన్నాను. అత్త దిద్దలేదు. ఆయన వైపు తిరిగి,

"తిన్నాను" అని జవాబిచ్చింది.